పాత ట్రాక్టరు లిఫ్టు – ఆయిలు లీకుల చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు సర్వీసులో నేర్చుకున్నది ఏదైనా ఒకటి రాయమని కార్యవర్గం వారు కోరారు. పే రివిజన్ల గురించి, బదిలీల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం చేతికి బాగా తెలిసిన ఒక్క విషయమే ఎంచుకున్నాను. అది పాత ట్రాక్టర్ల హైడ్రాలిక్ లిఫ్టు, దాని నుంచి కారే ఆయిలు. 1969లో వ్యవసాయ యంత్రాల వర్క్‌షాపులో మెకానిక్‌గా చేరి, 2007లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఈ 38 ఏళ్ళలో నేను విప్పిన లిఫ్టు కవర్లకు లెక్కలేదు.

ఆయిలు కారితే ఏముంది, నాలుగు చుక్కలే గదా అని చదివేవారికి అనిపించవచ్చు. ఆ నాలుగు చుక్కల వెనుక రెండు వందల ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిసినవాడికి లీకు ఎలా ఆగుతుందో కూడా సులభంగా తెలుస్తుంది. మన సభ్యుల్లో పల్లెల్లో పొలాలున్నవారు, పాత ట్రాక్టరును ఇంకా షెడ్డులో ఉంచుకున్నవారు ఉన్నారు. వారి పిల్లలకు, మనుమలకు ఈ వ్యాసం కొంతైనా పనికివస్తుందని ఆశిస్తున్నాను.

బిగిస్తే ఆగని లీకు

మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పాడు. చిన్న పంపుతో పెద్ద బరువును లేపవచ్చునన్న ఆలోచనకు మూలం ఇదే. దాన్ని యంత్రంగా మలిచి 1795లో లండనులో పేటెంటు తీసుకున్నవాడు జోసెఫ్ బ్రామా. ఆయన తాళాల తయారీలో పేరుమోసిన మనిషి.

బ్రామా ప్రెస్సుకు మొదటినుంచీ పట్టుకున్న జబ్బు లీకు. లోపలి పిస్టను పైకి వస్తుంటే దాని అంచు వెంట నీళ్ళు చిమ్మేవి. ప్యాకింగును గట్టిగా కూరి బిగిస్తే లీకు ఆగేది గాని, పిస్టను పట్టేసుకుని కిందికి దిగేది కాదు. వదులు చేస్తే మళ్ళీ నీళ్ళు. ఈ చిక్కు విప్పినవాడు బ్రామా దగ్గర పనిచేసే హెన్రీ మాడ్‌స్లే అనే యువకుడని చెబుతారు. అతడు తోలును గిన్నె అంచులాగా మడిచి, మడత నోరు నీళ్ళ వైపు ఉండేటట్లు అమర్చాడు. నీళ్ళ ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ తోలు పెదవి విచ్చుకుని పిస్టనుకు అంటుకుంటుంది. ఒత్తిడి తగ్గగానే పట్టు వదులుతుంది. అంటే లీకు చేయాలని చూసే ఒత్తిడే లీకును మూస్తుంది. ఈనాటి ఆయిలు సీళ్ళు, రబ్బరు రింగులు అన్నీ ఈ సూత్రం మీదనే పనిచేస్తున్నాయి.

ఈ మాడ్‌స్లేకు వారానికి 30 షిల్లింగుల జీతం. పెళ్ళయి పిల్లలు కలిగాక కొంచెం పెంచమని అడిగితే యజమాని కుదరదన్నాడు. 1797లో బయటికి వచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు. తర్వాత మరలు కోసే లేతు యంత్రంతో అతని పేరు ఇంజనీరింగు చరిత్రలో నిలిచిపోయింది. ఇంక్రిమెంటు కోసం అర్జీలు పెట్టిన మనమందరం గుర్తుంచుకోదగిన మనిషి.

ఫెర్గూసన్ లిఫ్టు

తొలినాళ్ళ ట్రాక్టర్లు నాగలిని బండిలాగా వెనుక ఈడ్చుకుపోయేవి. నాగలి ఏ వేరుకో, రాతికో తట్టుకుంటే ట్రాక్టరు ముందు భాగం గాలిలోకి లేచి డ్రైవరు మీద పడేది. ఉత్తర ఐర్లండులో రైతు కుటుంబంలో 1884లో పుట్టిన హారీ ఫెర్గూసన్ ఈ సంగతిని మొదటి ప్రపంచ యుద్ధకాలంలో దగ్గరగా చూశాడు. నాగలిని ట్రాక్టరుకు మూడు చోట్ల కడ్డీలతో తగిలించి, రెండూ ఒకే యంత్రంలాగా పనిచేసేటట్లు చేశాడు. మనం త్రీ పాయింట్ లింకేజి అనేది అదే. కింది రెండు కడ్డీలు నాగలిని లాగుతాయి. పైనున్న టాప్ లింకు నాగలి మీద పడే బరువును స్ప్రింగుకు తెలుపుతుంది. నేల గట్టిపడితే ఆ స్ప్రింగు నొక్కుకుంటుంది. వెంటనే లోపలి వాల్వు కదిలి లిఫ్టు నాగలిని కొంచెం పైకి తీస్తుంది. గట్టి నేల దాటగానే మళ్ళీ దింపుతుంది. డ్రైవరు లివరు ముట్టనక్కరలేదు.

1936లో ఈ పద్ధతితో ఇంగ్లండులో ట్రాక్టర్ల తయారీ మొదలైంది. 1938 అక్టోబరులో ఫెర్గూసన్ అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డు ముందు తన యంత్రాన్ని నడిపి చూపించాడు. ఇద్దరూ కాగితం మీద ఒక్క ముక్క రాసుకోకుండా చేయి కలిపి ఒప్పందం చేసుకున్నారు. 1939లో ఫోర్డు–ఫెర్గూసన్ ట్రాక్టరు బయటికి వచ్చింది. ఫోర్డు మనుమడి హయాంలో ఆ మాట చెల్లకుండా పోయింది. 1948లో ఫెర్గూసన్ 25 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ తగాదాలో ఒక ముఖ్యమైన అంశం హైడ్రాలిక్ పంపు. చాలా యంత్రాల్లో పంపు నుంచి ఆయిలు బయటికి వెళ్ళేచోట వాల్వుతో అదుపు చేస్తారు. ఫెర్గూసన్ పంపులోకి ఆయిలు వచ్చేచోటనే వాల్వు పెట్టాడు. ఆ పద్ధతి ఇకమీదట వాడరాదని రాజీలో ఫోర్డు కంపెనీ ఒప్పుకోవలసి వచ్చింది.

ఈలోగా 1946 నుంచి ఇంగ్లండులోని కోవెంట్రీలో టి.ఇ.20 అనే బూడిదరంగు చిన్న ట్రాక్టరు తయారయింది. 1956 వరకు 5 లక్షలకు పైగా చేశారు. టెన్సింగుతో కలిసి ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ, 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది కూడా ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదనే.

మన దేశానికి రాక

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ పేరుతో రెల్లు గడ్డి పట్టిన బీళ్ళను దున్నించే పని చేపట్టింది. ఇందుకోసం 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. అవి ఎక్కువగా గొలుసు చక్రాల భారీ యంత్రాలు. రైతు సొంతంగా కొనుక్కోగల చిన్న ట్రాక్టరు మన దేశంలో తయారుకావడం 1959లో ఫరీదాబాదు ఐషర్‌తో మొదలైంది. 1960ల ఆరంభంలో మద్రాసులో టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ సహకారంతో ప్రారంభమైంది. 1961–62లో దేశం మొత్తం మీద తయారైన ట్రాక్టర్లు 880. ఇవాళ ఏటా లక్షల్లో తయారవుతున్నాయి.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ తర్వాత కొద్ది కాలానికే నేను ఉద్యోగంలో చేరాను. మెట్ట భూములు మాగాణి అవుతున్న రోజులు. చదును పనికి, దుక్కికి ట్రాక్టర్లు చాలేవి కావు. జెకోస్లొవేకియా జీటర్, రష్యా బైలారస్ వంటి దిగుమతి బండ్లూ వచ్చేవి. మా షెడ్డుకు ఎక్కువగా వచ్చింది మాత్రం మాసీ ఫెర్గూసన్ 35 జాతి ఎర్ర ట్రాక్టర్లే. కాబట్టి దాని సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఈ బండిలో గేరు పెట్టెకు, వెనుక ఇరుసు పెట్టెకు, హైడ్రాలిక్‌కు ఒకే ఆయిలు, పాతిక ముప్ఫై లీటర్ల దాకా ఉంటుంది. పంపు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. చదరపు అంగుళానికి 2 వేల పౌన్లు దాటిన ఒత్తిడి పుట్టించగలదు. అక్కడి నుంచి నిలువుగా ఒక గొట్టం ఆయిలును సీటు కింద ఉన్న సిలిండరుకు చేరుస్తుంది. సిలిండరు నెట్టితే అడ్డ షాఫ్టు తిరిగి రెండు లిఫ్టు చేతులు పైకి లేస్తాయి. నిలువు గొట్టానికి పైనొకటి, కిందొకటి రబ్బరు రింగులుంటాయి. 600 కిలోల బరువైనా ఆ రెండు రింగులు బాగుంటేనే పైన నిలుస్తుంది.

డెబ్భై ఏళ్ళు దాటిన వ్యక్తి కనిపెట్టిన రింగు

ఆ రబ్బరు రింగునే ఓ రింగు అంటారు. దీన్ని కనిపెట్టినవాడు డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్. 1937లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఆయన వయసు 70 దాటింది. పేటెంటు 1939లో వచ్చింది. రిటైరయ్యాక ఇంకేం చేస్తాంలే అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. రింగు ఎంత లావు ఉంటే దాని గాడి ఎంత వెడల్పు ఉండాలో లెక్క తేల్చడమే ఆయన గొప్పతనం. గాడిలో రింగు కొంచెం కదలడానికి చోటుండాలి. ఒత్తిడి వచ్చినప్పుడు అది గాడి పక్కకు ఒరిగి సందు మూస్తుంది. మాడ్‌స్లే తోలు పెదవి చేసిన పనే ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం అమెరికా ప్రభుత్వం దీన్ని అన్ని కంపెనీలకూ అందుబాటులోకి తెచ్చింది.

ఇందులో రబ్బరు జాతి కూడా ముఖ్యం. చెట్టు పాల నుంచి వచ్చే మామూలు రబ్బరు ఆయిల్లో నానితే ఉబ్బి మెత్తబడుతుంది. 1930లలో జర్మనీలో తయారైన నైట్రైల్ రబ్బరు ఆయిలును తట్టుకుంటుంది. పల్లెల్లో సైకిలు ట్యూబు కోసి రింగు చేసి వేసేవారు. నాలుగు రోజులు బాగానే ఉండేది. అయిదోరోజుకు అది జిగటగా మారి లిఫ్టు మళ్ళీ కూలబడేది. అందుకు కారణం ఇదే.

1986 జనవరి 28న అమెరికా చాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు మరణించారు. పక్క రాకెట్టు అతుకులోని ఓ రింగు ఆనాటి చలికి బిరుసెక్కి సందును మూయలేకపోయింది. విచారణలో ఫైన్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రబ్బరు ముక్కను మంచునీళ్ళ గ్లాసులో ముంచి చూపించాడు. ఆ వార్త చదివిన రోజుల్లో మా షెడ్డులో కుర్రవాళ్ళు రింగులను ఇదివరకటికంటే జాగ్రత్తగా పట్టుకోవడం చూశాను.

లీకు వెతికే పద్ధతి

నాకు పని నేర్పిన మేస్త్రీ గారు పానా పట్టుకోనిచ్చే ముందు కిరసనాయిలు డబ్బా, గుడ్డపీలిక ఇచ్చేవారు. "ముందు కడగవోయ్. మురికి కింద లీకు కనబడదు" అనేవారు. శుభ్రంగా కడిగి తుడిచి, బండిని పది నిమిషాలు నడిపిస్తే ఆయిలు తానే దారి చూపుతుంది. ఆయిలు కిందికి జారుతుంది గనుక, తడి కనిపించిన చోటుకు పైనే అసలు లీకు ఉంటుంది.

విప్పే ముందు చూడవలసినవి మూడు. మొదటిది, పి.టి.ఓ. లివరు. ఈ బండ్లలో పంపు పి.టి.ఓ. షాఫ్టు మీద నడుస్తుంది. ఆ లివరు వేయకపోతే లిఫ్టు అసలు లేవదు. పంపు పోయిందని పది మైళ్ళు నడిపించుకొచ్చిన బండిని ఒక్క లివరు వేసి పంపిన రోజులున్నాయి. రెండోది, డిప్‌స్టిక్కు. ఆయిలు గీత పైకి ఉంటే ఎక్కువైనది ఎక్కడో ఒకచోట బయటికి వస్తుంది. తెల్లగా మజ్జిగలాగా ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. మూడోది, గాలి పోయే బ్రీదరు. అది మూసుకుపోతే వేడికి లోపలి గాలి పెరిగి, బాగున్న సీళ్ళను కూడా తోసుకుని ఆయిలు వస్తుంది. బ్రీదరు కడిగితే సరిపోయేదానికి నాలుగు సీళ్ళు మార్చి డబ్బు పోగొట్టుకున్న రైతులను ఎరుగుదును.

బయటి లీకులు సాధారణంగా లిఫ్టు చేతులుండే అడ్డ షాఫ్టు రెండు చివరల దగ్గర, వెనుక పి.టి.ఓ. షాఫ్టు సీలు దగ్గర, టాప్ లింకు స్ప్రింగు ముందున్న రబ్బరు తొడుగు దగ్గర ఉంటాయి. ఆ తొడుగు చిరిగితే ఆయిలు బయటికి రావడమే కాక వాన నీళ్ళు లోపలికి పోతాయి. ఆయిలు మజ్జిగ కావడానికి చాలాసార్లు ఇదే కారణం.

లోపలి లీకు కంటికి కనిపించదు. నేల మీద చుక్క పడదు, డిప్‌స్టిక్కు గీత తగ్గదు. ఇంజను నడుస్తున్నంతసేపు లేపిన గొర్రు ఎక్కిళ్ళు పెట్టినట్లు కొంచెం దిగి కొంచెం లేస్తూ ఉంటుంది. ఇంజను ఆపగానే దిగిపోతుంది. అప్పుడు అనుమానించవలసినవి నిలువు గొట్టం రింగులు, సిలిండరు పిస్టను, పంపు వాల్వు. 35 మోడల్లో నిలువు గొట్టాన్ని పై మూత తీసి బయటికి లాగవచ్చు. కనుక ముందు తక్కువ ఖర్చు పని చేసి, ఆగకపోతేనే లిఫ్టు కవరు లేపాలి.

కొత్త సీలు వేసేటప్పుడు పెదవి ఆయిలు ఉన్న వైపుకే తిరిగి ఉండాలి. బ్రామా ప్రెస్సులో తోలు నోరు నీళ్ళ వైపు ఉన్నట్లే. పెదవికి కొంచెం ఆయిలు రాసి ఎక్కించాలి. షాఫ్టు మీద పాత సీలు గాడి కోసి ఉంటే, కొత్త సీలు పెదవి అదే గాడిలో పడకుండా చూసుకోవాలి, లేదా షాఫ్టుకు తొడుగు వేయాలి. పేపరు ప్యాకింగు వేసేచోట పాత ముక్కలను పూర్తిగా గీకి తీయాలి. బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. లీకు ఉన్నచోట ఒక్క బోల్టును పట్టి బలమంతా పెట్టి బిగిస్తే మూత వంగి, ఇంకోచోట సందు పుడుతుంది.

దమ్ము కాలంలో

మన మాగాణి ప్రాంతాల్లో ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. దమ్ము చేసేటప్పుడు ఇరుసుల దాకా బురదలో నడుస్తాయి. గడ్డి, పీచు ఇరుసుకు చుట్టుకుని సీలును కోస్తుంది. ఇసుక చేరి పెదవిని అరగదీస్తుంది. వెనుక ఇరుసు సీలు పోతే ఆయిలు బ్రేకు డ్రమ్ములోకి చేరుతుంది. నేల మీద చుక్క కనబడకముందే ఒక వైపు బ్రేకు పట్టడం మానేస్తుంది. కాలువ కట్ట మీద ఒక చక్రానికే బ్రేకు పడితే బండి ఎటు తిరుగుతుందో చెప్పనక్కరలేదు. ఆయిలు పీల్చిన బ్రేకు పట్టీలను కిరసనాయిలుతో కడిగి వేస్తే వేడెక్కగానే మళ్ళీ ఊరుతుంది. అవి మార్చవలసినవే.

అటువంటి సీజనులో సీళ్ళ కోసం ఇండెంటు పెట్టి వారాల తరబడి ఎదురు చూసిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. కాగితం ఒక టేబులు మీదనుంచి ఇంకో టేబులుకు పోయేలోగా నేల పదును ఆరిపోయేది. రైతు రోజూ పొద్దున్నే షెడ్డు గుమ్మంలో నిలబడి, ఏమీ అడగకుండా మా ముఖాలు చూసి వెళ్ళేవాడు. ఆ చూపు మెమోలకంటే బాధగా ఉండేది. ఆ తర్వాత మేము వేసవిలోనే దమ్ముకు కావలసిన రింగులు, సీళ్ళు సైజుల వారీగా తెప్పించి, ఎండ తగలని పెట్టెలో దాచడం అలవాటు చేసుకున్నాము.

ప్రాణానికి సంబంధించిన మాట

సాగర్ కుడి కాలువ కింద ఒక ఊరిలో ఒక రైతు ట్రాక్టరు లిఫ్టు నెమ్మదిగా దిగిపోతున్నదని ఇంటిల్లిపాదికీ తెలుసు. కోతలయ్యాక చూద్దాంలే అనుకున్నారు. ఒకనాడు వారి పాలేరు కుర్రవాడు ఇంజను ఆపి, పైకి లేపిన కల్టివేటరు కింద చేయి పెట్టి గడ్డి తీస్తున్నాడు. అంతవరకు నెమ్మదిగా దిగేది ఆ రోజు ఒక్కసారిగా దిగింది. కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. తర్వాత ఆ బండిని నేనే విప్పాను. నిలువు గొట్టం కింది రింగు సగం కోసుకుపోయి ఉంది. దాని ఖరీదు ఒక టీ ఖర్చుకు మించదు. ఆ కుర్రవాడు ఆ తర్వాత ఎడమచేత్తో కొడవలి పట్టడం నేర్చుకున్నాడు.

కనుక ఇంట్లోవారికి తప్పక చెప్పండి. లేపిన పరికరం కిందికి ఏ కారణం చేతనైనా చేయిగాని, కాలుగాని పోనీయకూడదు. దింపి పని చేయాలి, లేదా గట్టి చెక్క దిమ్మెల మీద ఆనించాలి. జాకీని నమ్మకూడదు. ఒత్తిడిలో ఉన్న గొట్టం నుంచి ఆయిలు సన్నగా చిమ్ముతుంటే వేలు పెట్టి చూడకూడదు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఆ సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోగలదు. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపించినా లోపల కండ చెడిపోతుంది. ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఆయిలు ఒంట్లోకి పోయిందని డాక్టరు గారికి స్పష్టంగా చెప్పాలి.

ఇప్పుడు చేయవలసినది

కొత్త ట్రాక్టర్లలో పంపులు, సీళ్ళు బాగా మెరుగుపడ్డాయి. అయినా 30, 40 ఏళ్ళనాటి బండ్లు చిన్న రైతుల దగ్గర ఇంకా పనిచేస్తున్నాయి. వాటిని విప్పగలవారు మాత్రం తగ్గిపోతున్నారు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర ప్రభుత్వ శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఆసక్తి ఉన్న యువకులు అటువంటి చోట పద్ధతిగా నేర్చుకోవచ్చు. అయితే ఏ బండికి ఏ సైజు రింగు పడుతుందో, ఏ లీకు ఏ శబ్దం చేస్తుందో అన్న తెలివి చాలావరకు మనబోటి వారి చేతుల్లోనే ఉండిపోయింది. మాడ్‌స్లే మడిచిన తోలు సంగతి ఎవరో రాసి ఉంచబట్టే మనకు తెలిసింది. మా మేస్త్రీ గారి తెలివిలో సగం ఆయనతోనే పోయింది.

వర్క్‌షాపు వైపు పనిచేసిన మిత్రులకు ఒక మనవి. మీకు తెలిసిన మరమ్మతులు, సైజులు, జాగ్రత్తలు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. చేయి వణికితే మనుమరాలి చేత రాయించండి. సంఘం వారు వాటిని పోగుచేసి చిన్న పుస్తకంగా వేస్తే, నా వంతుగా లిఫ్టు భాగం రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. వచ్చే దమ్ము సీజనులోగా ఆ పని మొదలైతే సంతోషం.